రూపవతి టీచరమ్మ బూట్ల డబ్బా

మా ఫెలోషిప్పులో ఎవరికి షుగర్ ఎంత ఉందో, ఎవరి పీఆర్, అంటే ఇక్కడ స్థిరపడే కాగితం, ఎక్కడ ఆగిందో, ఎవరింట్లో అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం లేదో నాకు తెలుసు. నేనేమీ గోడలకి చెవులు పెట్టలేదు. ప్రార్థనలో విన్నాను. మావాళ్ళు ప్రార్థన అంశం చెప్పడం మొదలుపెడితే సగంలో ఆపరు. "రిపోర్టు బాగా రావాలని ప్రార్థించండి" అని ఊరుకోరు. డాక్టరు ఏ గదిలో కూర్చోబెట్టాడో, ఏ చేతికి సూది గుచ్చాడో కూడా చెబుతారు. చీరాలలో అంతే, రేపల్లెలో అంతే, సముద్రాలు దాటొచ్చిన ఈ నార్త్ యార్క్‌లోనూ అంతే. ఈ అలవాటు వల్ల ఒక తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం జరిగిందో, మా రూపవతి ఏమైపోయిందో చెబుతాను. నాది ఏడో తరగతి చదువు. జరిగింది జరిగినట్టు చెప్పడం తప్ప ఇంకోలా రాదు.

రూపవతి వాళ్ళూ మేమూ ఒకటే బిల్డింగ్. వాళ్ళది తొమ్మిదో ఫ్లోర్, మాది నాలుగు. నేను ఇంట్లో వండి స్టూడెంట్లకి క్యారేజీలు పంపిస్తాను. తను వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, బట్టలు తొడిగి, నోట్లో ముద్ద పెట్టే పని చేస్తుంది. పుట్టింది చీరాల దగ్గర. వాళ్ళమ్మ మిషన్ హాస్టల్లో వంటావిడ. ఆ హాస్టల్ వరండాలోనే పద్నాలుగేళ్ళ వయసులో చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని పాటలు నేర్పడం మొదలుపెట్టిందట. పెళ్ళయి ఈ దేశం వచ్చాక కూడా మానలేదు. వాళ్ళాయన ఆనందబాబుది బ్యాంకులో కంప్యూటర్ పని. సరదా మనిషి. "మా ఆవిడకి ఎనభై దాటినవాళ్ళూ, పది దాటనివాళ్ళూ కనిపిస్తారండీ. మధ్యలో ఉన్నవాడు అన్నం తిన్నాడో లేదో ఎవరికి కావాలి?" అంటుండేవాడు.

మా ఫెలోషిప్పుకి సొంత గుడి లేదు. ఫించ్ స్టేషన్‌కి కాస్త దూరంలో తెల్లవాళ్ళ పాత చర్చి ఒకటుంది. వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం మాకు అద్దెకిస్తారు. పైన హాలు పెద్దవాళ్ళకి, దాని పక్కన కిటికీ ఉన్న గది పిల్లలకి. చలికాలంలో ఆ గది గుమ్మం దగ్గర చూడాలి రూపవతిని. పదకొండు మంది పిల్లలు మంచు కాళ్ళతో వచ్చేవాళ్ళు. ఒక్కొక్కళ్ళనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, కోటు జిప్పు లాగి, బూట్లు విప్పి, తడిసిన మేజోళ్ళు హీటర్ మీద ఆరేసి, తన సంచిలోంచి పొడి మేజోళ్ళు తీసి తొడిగేది. ఆ తర్వాతే పాట, ఆ తర్వాతే వాక్యం.

"ముందు కాళ్ళు వెచ్చబడాలి వదినా. కాళ్ళు గడ్డకట్టిన పిల్లకి దేవుడి ప్రేమ గురించి చెబితే ఏం ఎక్కుతుంది?" అనేది నాతో.

అయితే ఈ పిల్లలతో ఒక తంటా ఉంది. మన ఊళ్ళలో సండే స్కూల్ అంటే ఒక్కొక్కళ్ళ చేతా పైకి ప్రార్థన చేయిస్తాం. ఇక్కడ పుట్టినవాళ్ళకి తెలుగు నోరు తిరగదు. ఇంగ్లీషులో చేయమంటే నలుగురిలో సిగ్గు. "ఆంటీ, కెన్ ఐ పాస్?" అనేవాళ్ళు, నన్ను వదిలేసి పక్కవాళ్ళని అడగమని. ప్రార్థనకి కూడా పాస్ చెప్పడం చూసి రూపవతి వారం రోజులు దిగులు పెట్టుకుంది. తర్వాత ఆనందబాబు స్నో బూట్లు కొన్న డబ్బాకి క్రిస్మస్ కాగితం అంటించి, మూతకి కత్తితో గాటు పెట్టి పట్టుకొచ్చింది.

"యేసయ్యకి చెప్పాలనుకున్నది చీటీ మీద రాసి ఇందులో వేయండి. పేరు రాయకపోయినా పర్వాలేదు. ఆయన చూస్తాడు, ఆయనతో పాటు నేను చూస్తాను. ఇంకెవ్వరూ చూడరు" అని చెప్పి, పదకొండు మంది చిటికెన వేళ్ళకీ తన చిటికెన వేలు మెలేసి మాటిచ్చింది.

ఆ డబ్బా ఇంటికి తీసుకెళ్ళి, వంటింటి బల్ల దగ్గర ఒక్కత్తే కూర్చుని, ఒక్కో చీటీ చదివి, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, ముక్కలుగా చించేసేది. వాళ్ళబ్బాయి ఎరిక్ వాటర్లూలో చదువుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు ఏం రాశారమ్మా అని కదిపి చూసేవాడు. చెప్పేది కాదు. ఇక నేను అడగని వారం లేదు. ఒకే ఒక్కసారి "ఎవరికో కుక్కపిల్ల కావాలంట వదినా" అని నవ్వింది. ఎవరికో మాత్రం చెప్పలేదు. నాకేమో సంగతి తెలియకపోతే అన్నం సహించదు.

ఇలా ఏడెనిమిదేళ్ళు గడిచాయి. రెండు వేల ఇరవై రెండు, ఇరవై మూడు సంవత్సరాల్లో స్టూడెంట్లు దిగారు చూడండి, ఫించ్ బస్సులో ఎక్కడ నిలబడినా తెలుగే. అరవై మంది కూర్చునే మా హాలుకి రెండు వందల మంది రావడం మొదలైంది. కొందరు నిజంగా ఆరాధనకి, కొందరు నా చికెన్ పులావుకి. నేనేమీ అనుకోలేదు. ఆకలి ఆకలే కదా. కానీ జాగా చాలలేదు. మా ఫెలోషిప్పు నడిపే పెద్దాయన అమరేశ్వరరావు గారు ఒక ఆదివారం రూపవతిని పిలిచారు.

"అమ్మా రూపవతీ, కుర్రాళ్ళు అమ్మానాన్నల్ని వదిలి వచ్చారు. నిలబడి తింటున్నారు. ఆ కిటికీ గది వాళ్ళ భోజనాలకి ఇచ్చేద్దాం."

"మరి పిల్లలండీ?"

"పిల్లలదేముందమ్మా, ఎక్కడైనా సర్దుకుంటారు. కింద వంటగది పక్కన బాయిలర్ గది ఖాళీయే కదా. వెచ్చగా కూడా ఉంటుంది."

"సరేనండీ. మేజోళ్ళు తొందరగా ఆరతాయి" అని డబ్బా చంకలో పెట్టుకుని కిందకి దిగిపోయింది. ఆ గదిలో బాయిలర్ గురగురమని ఒకటే మోత. పిల్లలు పాట పాడితే మెట్ల దాకా కూడా వినిపించేది కాదు.

ఆ వచ్చినవాళ్ళలోనే ఎమిలీ, డేవిడ్‌సన్. విజయవాడ వాళ్ళు. మా బిల్డింగ్‌లోనే రెండో ఫ్లోర్‌లో దిగారు. ఎమిలీ స్టూడెంట్ పర్మిట్ మీద వచ్చింది, భర్తగా డేవిడ్‌సన్‌కి వర్క్ పర్మిట్ వచ్చింది. అప్పుడు ఇలాంటి కాపురాలు చాలా ఉండేవి. ఆడమనిషి చదువు మీద ఇల్లంతా నిలబడి ఉంటుంది. డేవిడ్‌సన్ అక్కడ ల్యాబ్‌లో పనిచేసినవాడు, ఇక్కడ వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు మోసేవాడు. ఆదివారం తబలా వాయించేవాడు. ఏం వాయించేవాడండీ! నా చేతిలో గరిటె ఆగిపోయేది. "మా ఆవిడ చదువు అయిపోనీండి ఆంటీ, పీఆర్ వచ్చిందంటే నేను మళ్ళీ ల్యాబ్‌లోకి పోతా" అని కనిపించినప్పుడల్లా అనేవాడు.

వాళ్ళ పాప హోప్. తొమ్మిదేళ్ళు. చేరిన రోజే దాని చిటికెన వేలికీ వేలు మెలేసి డబ్బా మాట ఇచ్చింది రూపవతి. బూట్లు తనే విప్పుకోగల వయసే, అయినా విప్పుకునేది కాదు. రూపవతి ఎదురుగా కూర్చుని కాళ్ళు చాపేది. "ఏమ్మా మహారాణీ, చేతులు లేవా?" అంటే, "ఉన్నాయి, బట్ యూ డూ ఇట్ బెటర్" అని నవ్వేది.

రెండు వేల ఇరవై నాలుగు మార్చిలో ఒక గురువారం రూపవతి డ్యూటీ దిగి తిన్నగా మా వంటింట్లోకి వచ్చింది. కోటు కూడా విప్పలేదు. నేను సాంబారు క్యారేజీల్లో పోస్తున్నాను.

"వదినా, నాలుగు రోజుల నుంచి మోస్తున్నా. ఇక నా వల్ల కావట్లేదు. నీకొక్కదానికే చెబుతున్నా."

హోప్ రాసిన చీటీ సంగతి. స్కూలువాళ్ళు పిల్లల్ని లైబ్రరీకి తీసుకెళ్ళారట. అక్కడ ఒక మూల బల్ల మీద తల పెట్టుకుని, కోటుతోనే పడుకుని ఉంది ఎమిలీ. కాలేజీలో ఉండాల్సిన మనిషి. పిల్లని చూసి, పెదాల మీద వేలు పెట్టింది. తర్వాత హోప్ వాష్‌రూమ్‌కి వెళితే లోపల తల్లి ఏడుపు వినిపించిందట. కాలేజీలో పాఠాలు అందక, ఫెయిలయి, జనవరి నుంచే మానేసింది ఎమిలీ, ఆ సాయంత్రం పిల్ల అడిగితే తనే చెప్పుకుందట. రోజూ బ్యాగు తగిలించుకుని బయల్దేరి లైబ్రరీలో కూర్చుని వస్తోంది. డేవిడ్‌సన్‌కి తెలియదు. పిల్ల ఇదంతా ఇంగ్లీషులో రాసి, ఆఖరున అడిగింది ఇదీ: "యేసయ్యా, మమ్మీని మళ్ళీ కాలేజీకి పంపు. వాష్‌రూమ్‌లో ఏడవకుండా చూడు. డాడీకి మాత్రం చెప్పొద్దు, ప్లీజ్." కింద పేరు రాసింది. ఏ హోపో తెలియక ఆయన తికమకపడతాడేమోనని ఇంటిపేరు, ఫ్లాటు నంబరు కూడా రాసింది.

"నువ్వే ఎమిలీతో మాట్లాడొచ్చుగా రూపా?"

"మాట్లాడితే పిల్ల చెప్పిందని తెలిసిపోతుంది. మాటిచ్చాను కదా దానికి. మాట్లాడకపోతే ఆ అమ్మాయి ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని భయం. నువ్వు కూడా ప్రార్థన చెయ్యి, అది చాలు. ఎవరితోనూ అనకు వదినా."

"ఛ, నేనెవరితో అంటాను?"

సాయంత్రం దాకా ఉగ్గబట్టుకున్నాను. మా ఆడవాళ్ళకి ఫోన్లో ప్రేయర్ గ్రూపు ఉంది. అందులో వాయిస్ మెసేజ్ పెట్టాను. ఎమిలీ చెల్లెమ్మ కాలేజీ మానేసిందని, భర్తకి చెప్పలేక లైబ్రరీలో కూర్చుంటోందని, భారంగా ప్రార్థించమని. చెడ్డగా ఏమీ అనుకోలేదు. ఒక్కరు ప్రార్థిస్తే దేవుడు వింటాడు, పాతికమంది ప్రార్థిస్తే ఇంకా బాగా వింటాడు అనే చిన్నప్పటి నుంచి నాకు తెలిసింది. కానీ ఆ మెసేజ్ పెడుతున్నప్పుడు, ఈ సంగతి అందరికంటే ముందు నాకు తెలిసిందన్న సంతోషం కూడా ఉంది. అదీ చెప్పాలి. చివర్లో "ఎవరితోనూ అనకండి" అని కూడా అన్నాను. ఇరవై ఆరు మందితో.

అందులో అమరేశ్వరరావు గారి భార్య ఉంది.

ఆదివారం ఆరాధన ఆఖరున పిల్లల్ని కింద నుంచి పైకి తీసుకొస్తారు, దీవెన కోసం. గుమ్మం దగ్గర రూపవతి ముందు వరసగా నిలబడ్డారు పిల్లలు. హోప్ ముందే ఉంది. అమరేశ్వరరావు గారు మైకు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. పక్కన డేవిడ్‌సన్ మెల్లగా తబలా మీద వేళ్ళు ఆడిస్తున్నాడు.

"ప్రభువా, నిన్న రాత్రంతా నీవు నాకు ఒక భారాన్ని పెట్టావు. నీవే నాకు బయలుపరిచావు తండ్రీ. మా చెల్లెమ్మ ఎమిలీ చదువు మానేసి, కట్టుకున్న భర్తకి చెప్పుకోలేక, లైబ్రరీలో కన్నీళ్ళు పెట్టుకుంటున్నది..."

నాకు ప్రార్థనలో కళ్ళు మూసుకునే అలవాటు లేదు. అందుకే చూశాను. తబలా ఆగింది. డేవిడ్‌సన్ చేతులు దాని మీదే ఉన్నాయి. ఎమిలీ మూడో వరసలో తల వంచుకుంది, ఇంకా కిందకి వంచుకుంది. రెండు వందల మంది "ఆమెన్, స్తోత్రం" అంటున్నారు. రూపవతి ముందు నా వైపు చూసింది. తర్వాత హోప్ వైపు చూసింది. హోప్ మాత్రం ఎవరి వైపూ చూడలేదు. పైన సీలింగ్ వైపు చూసింది.

డేవిడ్‌సన్ అరవలేదు, కొట్టలేదు. అరిచినా బాగుండేది. ఆ పూట నుంచి మాట్లాడటం మానేశాడు. తబలా ఎవరో స్టూడెంట్‌కి ఇచ్చేశాడు. పది రోజుల తర్వాత కింద లాండ్రీ రూమ్‌లో ఎమిలీ కనిపించింది రూపవతికి. నేనూ ఉన్నాను. ఆ అమ్మాయి తడి బట్టలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

"వేరే కాలేజీకి రాశాను ఆంటీ. జవాబు రాగానే ఆయనకి నేనే చెప్పేదాన్ని. నా నోటితో వింటే తిట్టేవాడు, తిట్టి ఊరుకునేవాడు. మైకులో విన్నాడు."

"జవాబు వచ్చిందా అమ్మా?" అన్నాను నేను, నోరు ఊరుకోక.

"వచ్చింది. సీటిస్తామన్నారు. ఆయన వద్దన్నాడు. స్కూలు మూసేశాక విజయవాడ వెళ్ళిపోతున్నాం."

వెళ్ళేదాకా ఆదివారాలు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఏదో ఒక షిఫ్టు చేసుకునేవాళ్ళు. అందుకని హోప్‌ని మాత్రం రూపవతి దగ్గరే దింపేవాళ్ళు. పిల్ల వచ్చేది, తన బూట్లు తనే విప్పుకునేది, మూల కూర్చునేది. చీటీల టైములో చీటీ తీసుకుని, మడిచి, డబ్బాలో వేసేది. రూపవతి ఇంటికెళ్ళి విప్పి చూస్తే ఏమీ ఉండేది కాదు. తెల్ల కాగితం. మూడు వారాలు అంతే. నాలుగో వారం ఐదు తెల్ల కాగితాలు వచ్చాయి. మిగతా పిల్లలూ మొదలుపెట్టారు.

ఆ వారం తరగతి అయ్యాక రూపవతి ఆపింది. నేను పక్క వంటగదిలో గిన్నెలు కడుగుతున్నాను, తలుపు తెరిచే ఉంది.

"ఏమ్మా హోపూ, యేసయ్యకి ఏమీ చెప్పట్లేదా?"

పిల్ల భుజాలు ఎగరేసింది. "నో. ఐ డోంట్ టెల్ హిమ్ స్టఫ్ ఎనీమోర్. ఆయన అంకుల్‌కి చెప్పేస్తాడు."

నేను కుళాయి కట్టేశాను. పిల్ల ఏమనుకుందో అప్పుడు అర్థమైంది మాకు. పెద్దాయన మైకులో అన్నారు కదా, నీవే నాకు బయలుపరిచావు తండ్రీ అని. ఆ పిల్ల ఆ మాట నమ్మింది. టీచరు మాట తప్పిందని దానికి ఊహలో కూడా లేదు. దేవుడు తప్పాడనుకుంది.

రూపవతి అమరేశ్వరరావు గారి దగ్గరకెళ్ళి అడిగింది, నేనే చెప్పానని పిల్లకి చెప్పేస్తానండీ అని.

"తొందరపడకమ్మా. టీచరే మాట తప్పిందని తెలిస్తే రేపు తల్లిదండ్రులు పిల్లల్ని పంపుతారా? సండే స్కూలే మూతపడుతుంది. ప్రభువు చిత్తం అని చెప్పు. పిల్లలు మర్చిపోతారు."

నేనూ అదే అన్నాను. నా భయం నాది. "ఊరికి పోయే పిల్ల రూపా, నెల రోజుల్లో మర్చిపోతుంది. ఎందుకు తవ్వుకుంటావు?"

"దేవుడు చాడీలు చెబుతాడనుకుని పోతుంది వదినా ఆ పిల్ల. అంత మాట ఆయన మీద వేసి నేను మంచి టీచర్ని అనిపించుకోనా?"

జూన్ ఆఖరి ఆదివారం. ఎండాకాలం, బూట్లు లేవు, చెప్పులే. బాయిలర్ కూడా ఆపేశారు, గదిలో నిశ్శబ్దంగా ఉంది. మిగతా పిల్లలు జ్యూసులకి పైకి పోయాక రూపవతి హోప్ ముందు నేల మీద కూర్చుంది.

"యేసయ్య ఎవరికీ చెప్పలేదమ్మా. నేను చెప్పాను. నీ చీటీ చదివి భయమేసి, బయటపెట్టాను. తప్పంతా నాది. ఆయనది కాదు."

హోప్ తల ఎత్తింది. "యూ ప్రామిస్డ్."

"అవును తల్లీ."

"పింకీ ప్రామిస్."

"అవును."

నన్ను పిలుస్తుందేమోనని తలుపు వెనక నిలబడ్డాను. పిలవలేదు. నా పేరు ఎత్తలేదు.

"నువ్వు చెప్పేస్తావని ఆయనకి ముందే తెలుసా?" అంది పిల్ల.

రూపవతి ఏళ్ళ తరబడి నేర్పింది అదే. ఆయనకి అన్నీ తెలుసు, నీ తల మీద వెంట్రుకలెన్నో కూడా తెలుసు అని చేతులు ఊపుతూ పాట నేర్పింది. ఇప్పుడు లేదని ఎలా అంటుంది?

"తెలుసు" అంది.

"మరి నన్నెందుకు రాయనిచ్చాడు?"

రూపవతి వంగి పిల్ల చెప్పు పట్టీ సర్దింది. వృద్ధాశ్రమంలో చావు బతుకుల్లో ఉన్న ముసలివాళ్ళు అడిగే ప్రశ్నలకి కూడా ఏదో ఒకటి చెప్పే మనిషి. పైనుంచి డేవిడ్‌సన్ "హోప్!" అని పిలిచాడు. పిల్ల లేచి, కుర్చీ బల్ల కిందకి తోసి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు. గురువారం ఫ్లైట్ ఎక్కారు.

తర్వాత పెద్దాయన చెప్పినట్టే అయింది. హోప్ వెళ్ళే ముందు తోటి పిల్లలకి చెప్పింది, వాళ్ళు ఇళ్ళల్లో చెప్పారు. సెప్టెంబరుకి నలుగురు మిగిలారు. "మా సంగతులు ఇంకేం చదివిందో ఎవరికెరుక" అన్నారు తల్లులు, ఆ గ్రూపులో వాయిస్ మెసేజ్ విన్న తల్లులే. రూపవతి తనంతట తనే తప్పుకుంది. ఇప్పుడు ఒక స్టూడెంట్ అమ్మాయి ఫోన్లో బొమ్మలు చూపిస్తోంది పిల్లలకి. బాయిలర్ గదిలో మడత కుర్చీలు పేర్చారు.

రూపవతి ఇప్పటికీ ఆదివారం వస్తుంది. ఆఖరి వరసలో కూర్చుంటుంది. ప్రార్థన అంశాలు ఎవరికైనా ఉన్నాయా అని అడిగితే తల అడ్డంగా ఊపుతుంది. ఆనందబాబు జోకులు మానేశాడు. "ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు పెదాలు కూడా కదపట్లేదండీ" అన్నాడు నాతో ఒకసారి, లిఫ్టులో.

మొన్న చలి మొదలవగానే పైకి వాళ్ళింటికి వెళ్ళాను, అడగాలని. అడిగాను.

"నా పేరెందుకు చెప్పలేదు రూపా?"

"దానికి మాటిచ్చింది నేను. నువ్వు కాదుగా వదినా."

తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని. ఫ్రిజ్ మీద ఆ డబ్బా అలాగే ఉంది, క్రిస్మస్ కాగితం అంచులు లేచిపోయాయి. దించి మూత తీశాను. అడుగున హోప్ వేసిన తెల్ల చీటీలు, మడతలు మడతలుగా.

"ఇవింకా ఉంచావేంటి? అన్నీ చించేసేదానివిగా."

"ప్రార్థన చేశాకే కదా చించేది" అంది రూపవతి. "వీటి మీద చెయ్యి పెట్టి ఏమని అడగను?"

మూత పెట్టి, మళ్ళీ ఫ్రిజ్ మీదే పెట్టాను.